మెట్లు బయట, చల్లదనం లోపల

హైదరాబాద్‌లో చిక్కడపల్లిలోనో అశోక్‌నగర్‌లోనో పాత ఇంటి అందం తేల్చుకోవాలంటే హాల్లోకి వెళ్లక్కర్లేదు. గేటు దగ్గర నిలబడి, మేడ మీదికి మెట్లు ఎటునుంచి ఎక్కుతున్నాయో చూస్తే చాలు. 1940లకీ 1970లకీ మధ్య ఈ చుట్టుపక్కల లేచిన మేడల్లో చాలావాటికి మెట్లు బయటే ఉంటాయి. దానికి కారణం కళాపోషణ కాదు, కిరాయి. కింద ఓనరుగారి కుటుంబం, పైన ఒక పోర్షన్, స్థలం కలిసొస్తే వెనక ఇంకో పోర్షన్. అద్దెకున్న గుమాస్తాగారు క్రాస్‌రోడ్స్‌ సినిమాహాల్లో రెండో ఆట చూసొచ్చినా ఓనరుగారి నిద్ర చెడకూడదు. అందుకని మెట్లు పక్కగోడనో ముందు మూలనో పట్టుకుని పైకి వెళ్లాయి.

అలా డబ్బు కోసం బయటికొచ్చిన మెట్లే ఇంటికి ముఖం అయ్యాయి. దారిన పోయేవాళ్లందరి కంటా పడేది అదే కాబట్టి మేస్త్రి తన పనితనమంతా అక్కడ చూపించాడు. మెట్ల పక్క పిట్టగోడ తిన్నగా పోకుండా అర్ధచంద్రాకారంగా తిరుగుతుంది. మలుపు దగ్గర గోడకి గుండ్రటి కిటికీ. మెట్టు అంచు మొనదేలకుండా బొటనవేలంత మందాన గుండ్రంగా ముందుకి వస్తుంది, చిన్నపిల్లలు పడినా మోకాలు చెక్కుకుపోతుందే తప్ప తెగదు. మెట్ల కింద మిగిలిన త్రికోణంలో ఒకప్పుడు సైకిలు, బొగ్గుల బస్తా, తర్వాత స్కూటరు, ఇప్పుడు నీళ్ల మోటారు.

చౌమహల్లా, ఫలక్‌నుమా ప్యాలెస్‌ల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. వాటిని చూసి నోరెళ్లబెట్టి ఇంటికొస్తాం, అంతే. మన రెండు పడగ్గదుల ఇంట్లోకి తెచ్చుకోదగింది అక్కడ ఒక్కటీ దొరకదు. నారాయణగూడ వకీలు, చిక్కడపల్లి పంతులు, సచివాలయం గుమాస్తా కట్టుకున్న ఇళ్లు వేరు. జీతం చూసుకుని, ప్రావిడెంట్ ఫండు అప్పు చూసుకుని, తప్పనిసరైతే ఇంటావిడ గాజుల వైపు చూసి కట్టినవి. దండగ ఖర్చుకి అక్కడ చోటు లేదు. కనిపించే ప్రతి వంపూ ఎండనో, వాననో, దుమ్మునో, చెప్పకుండా వచ్చే బంధువులనో కాచుకోవడానికి పుట్టిందే. చెయ్యక తప్పని పనిని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తే వచ్చే అందం అది. సోకైన ఇల్లు అనగానే నాకు ముందు ఈ మూడు పేటలు గుర్తొచ్చేది అందుకే.

ఈ పేటల కథ మూసీ దగ్గర మొదలవుతుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద నగరాన్ని ఊడ్చిపెట్టింది. నాలుగేళ్లకి, 1912లో, సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. వెడల్పాటి రోడ్లు, గాలి ఆడే గల్లీలు, ఇంటికీ ఇంటికీ మధ్య ఖాళీ అన్న ఆలోచనలు దానితోపాటు ఊళ్లోకి వచ్చాయి. మళ్లీ వరద రాకుండా కట్టిన గండిపేట చెరువు 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కలిగినవాళ్లు మూసీకి ఉత్తరంగా జరిగారు. నారాయణగూడ, బర్కత్‌పురా, హిమాయత్‌నగర్‌లలో చుట్టూ తోటతో బంగళాలు లేచాయి. మాడపాటి హనుమంతరావుగారి బాలికల పాఠశాల నారాయణగూడలో ఉండటంతో ఆడపిల్లలకి తెలుగు చదువు చెప్పించాలనుకున్న కుటుంబాలకి ఆ వైపు మొగ్గు. ఆ తర్వాత 1956లో రాష్ట్రం మారింది. కర్నూలు నుంచి ఆఫీసులు కదిలొచ్చాయి. వాటివెంట ఉద్యోగులు, వాళ్లవెంట ఆవకాయ జాడీలు, సంగీతం మేష్టర్లు. చిక్కడపల్లి, అశోక్‌నగర్, గాంధీనగర్ కిక్కిరిసింది ఆ రోజుల్లోనే. త్యాగరాయ గానసభ చిక్కడపల్లిలో వెలిసిందంటే ఊరికే వెలియలేదు.

అందుకే ఇక్కడి ఇంటి నక్షాలో హైదరాబాద్ అలవాట్లూ కోస్తా అలవాట్లూ కలిసి కనిపిస్తాయి. వీధివైపు వరండా, వరండాలోంచి నేరుగా తెరుచుకునే ముందుగది. ఇది హైదరాబాదీ దివాన్‌ఖానా పోలిక. వకీలుగారి కక్షిదారులు, ట్యూషను పిల్లలు, పెళ్లిళ్ల పేరయ్య అందరూ అక్కడే కూర్చుని అట్నుంచి అటే వెళ్తారు. ఇంట్లో సంసారం వాళ్ల కంటపడదు. ఆ వెనక నడవా, నడవాకి అటూ ఇటూ గదులు, చివర వంటిల్లు. వంటింటి తలుపు దాటితే బండలు పరిచిన పెరడు, రోలు, నీళ్ల తొట్టి, తులసికోట. కోస్తా మండువా లోగిలిలో ఆకాశం ఇంటి నడిమధ్యన ఉంటుంది. రెండు మూడు వందల గజాల స్థలంలో ఆ భోగం కుదరదు కాబట్టి ఆకాశాన్ని వెనక్కి జరిపి పెరడు చేశారు. వీధి తలుపూ పెరటి తలుపూ ఒకే గీతలో ఉంటాయి. రెండూ తీసిపెడితే సాయంత్రం గాలి ఇంట్లోంచి నడిచి వెళ్తుంది.

ఎండ సంగతి ఇంకా తమాషా. హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకి నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకి ఉత్తరంవైపు ఉంటాడు. ‘ఉత్తరం కిటికీకి ఎండ తగలదు’ అని దేశమంతా చెప్పే మాట ఎండలు మండే మే నెలలోనే ఇక్కడ చెల్లదన్నమాట. పాత మేస్త్రీలకి అక్షాంశాలు తెలియవు గానీ ఈ సంగతి తెలుసు. అందుకే కిటికీ పైన నీడకోసం ముందుకి పొడుచుకొచ్చే ఛజ్జా దక్షిణం కిటికీకే పరిమితం కాకుండా ఇంటి చుట్టూ తిరుగుతుంది. పడమర పొద్దు మాత్రం ఏటవాలుగా వస్తుంది, దాన్ని ఛజ్జా ఆపలేదు. అందుకని చాలా ఇళ్లలో పడమర పక్కకి స్నానాలగదినో, సామాన్ల గదినో, ఆ బయటి మెట్లనో నెట్టేశారు. వేడంతా అవి తిని, వెనకున్న గదిని కాపాడతాయి.

ఇనుప చువ్వల కాంక్రీటు వచ్చాకే ఛజ్జా ఇలా గోడ మలుపు తిరిగి పరుగెత్తగలిగింది. అంతకుముందు రాతి పలకలని బ్రాకెట్ల మీద మోయించాల్సి వచ్చేది. సరిగ్గా ఆ సమయంలోనే బొంబాయి నుంచి కొత్త సోకు దిగింది. 1925లో ప్యారిస్‌లో జరిగిన అలంకార కళల ప్రదర్శన పేరుతో తర్వాత ఆర్ట్ డెకో అని పిలిచినది అదే. మెరైన్ డ్రైవ్ మేడలు, 1933లో వచ్చిన రీగల్ సినిమా, 1938లో వచ్చిన ఈరోస్ ఆ బాణీవే; వాటిని 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది. గోడ పొడుగునా అడ్డంగా మూడు సమాంతర గీతలు, గుండ్రం తిరిగిన బాల్కనీ, మెట్లుమెట్లుగా లేచిన పిట్టగోడ, దాని నడుమ ఇంటి పేరూ కట్టిన సంవత్సరమూ. బొంబాయిలో అది సముద్రం వైపు చూసే ధనవంతుల అపార్ట్‌మెంట్ల సొగసు. నారాయణగూడకి వచ్చేసరికి ఒకే కుటుంబానికి చెందిన మేడకి దిగింది. సముద్రపుగాలి లేదు కనుక అద్దాలు తగ్గి జాలీలు పెరిగాయి. పిట్టగోడలో కాంక్రీటు పువ్వుల జాలీ పెట్టారు, డాబా మీద పడుకున్నవాళ్లకి గాలి తగలాలని. ఇక్కడి డెకో బొంబాయి దానికంటే నిరాడంబరమని కొందరు పెదవి విరుస్తారు. నాకు మాత్రం ఇదే ముద్దు.

ఛజ్జా అంచు కిందికి తల వంచి చూడండి. అంచునుంచి అంగుళం లోపలికి చిటికెనవేలు పట్టేంత గాడి ఒకటి ఆ చివరినుంచి ఈ చివరిదాకా ఉంటుంది. వాననీళ్లు ఛజ్జా అడుగున పాకుతూ గోడదాకా రాకుండా ఆ గాడి దగ్గర ఆగి కింద పడతాయి. ఈ గాడి ఉన్న ఇంటికి డెబ్బై ఏళ్లయినా కిటికీ పైన నల్లటి చారలు ఉండవు. మొన్నమొన్న కట్టిన అపార్ట్‌మెంట్ గోడల మీద గడ్డం పెరిగినట్టున్న నాచు చారలన్నీ ఈ అరంగుళం గాడి మరిచిపోయినందుకే. కొన్ని ఇళ్లకి గోడ పూతే వేరు. సిమెంటులో చిన్న కంకర కలిపి పూసి, అది పూర్తిగా గట్టిపడకముందే కుంచెతో నీళ్లు కొట్టి పైపై సిమెంటు కడిగేస్తారు. రాతి పలుకులు బయటపడతాయి. ఇక ఆ గోడకి జన్మలో రంగు వెయ్యక్కర్లేదు.

లోపల పదకొండు, పన్నెండు అడుగుల ఎత్తున కప్పు, కప్పుకి అడుగు కింద వెంటిలేటర్లు. వేడిగాలి పైకి లేచి వాటిలోంచి పోతుంది, కింద కిటికీలోంచి చల్లగాలి ఆ ఖాళీలోకి వస్తుంది. కిటికీ తలుపులు నాలుగు ముక్కలు. కింది రెండూ మూసి పై రెండూ తీస్తే వెలుతురూ గాలీ వస్తాయి, వీధిలోవాళ్లకి మన మంచం కనబడదు. పరదా లేకుండానే పరదా. ఇవాళ ఒకే పెద్ద అద్దపు పలక పక్కకి జరిపే కిటికీలు పెట్టుకుని, ఎదురు ఫ్లాటువాళ్లకి భయపడి దానికి దట్టమైన కర్టెన్ వేసి, పగలు లైటు వేసుకుని, ఏసీ నడుపుకుంటున్నాం.

నారాయణగూడ వైపు ఇంకా పాత బంగళాల్లో గోడలు సున్నంతో లేచాయి. అడుగున్నర మందం రాతి కట్టడం, డంగు సున్నం. గానుగలో తిరిగే రాతి చక్రం కింద సున్నం, ఇసుక వేళ్ల మధ్య గరుకు తగలనంత మెత్తగా నలిగేవి. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానేసిన నీళ్లు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుంటూ ఏళ్ల తరబడి గట్టిపడుతుంది. తడిని దాచుకోదు, బయటికి వదిలేస్తుంది. ఇది తెలియక నెర్రెలిచ్చిన సున్నపు గోడకి సిమెంటు పూత వేయిస్తారు. తడి బయటికి దారిలేక లోపలే పేరుకుని రెండు వానాకాలాలకల్లా పెచ్చులూడుతుంది. అప్పుడు అందరూ పాత గోడనే తిడతారు.

ఇక నేల. ఈ పేటల్లో ఇంటి గొప్ప తెలియాలంటే తల వంచుకుని నడవాలి.

మన మొజాయిక్ నేలకి పుట్టిల్లు వెనిస్. పాలరాతి పనిలో మిగిలిన ముక్కల్ని పారెయ్యకుండా సున్నంలో కూర్చి, అరగదీసి నేలలు చేసుకున్నారక్కడ. మన దగ్గరికి అది సిమెంటు వెంట వచ్చింది. షాబాద్‌లో నిజాం కాలంలోనే సిమెంటు ఫ్యాక్టరీ ఉంది కాబట్టి సరుకు ఎక్కడో దూరాన్నుంచి రానక్కర్లేదు. పలుకులకి చలువరాయి, చెయ్యడానికి ఓపికున్న చేతులు ఉంటే చాలు. ఆ ఓపికే ఇప్పుడు కరువు.

ముందు నేలని దిమ్మిసతో కొట్టి, కంకర పోసి, దాని మీద అంగుళం మందాన కాంక్రీటు వేస్తారు. అందులో గాజు పట్టీలో ఇత్తడి పట్టీలో నిలబెట్టి గదిని గళ్లుగా విడగొడతారు. గడి ఒక్కోటి మూడు నాలుగు అడుగులు. చూసేవాళ్లకి అది డిజైను, మేస్త్రికి అది పగుళ్లకి వేసిన కళ్లెం. సిమెంటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. ఆ లాగుడు ప్రతి గడి అంచు దగ్గరా ఆగిపోతుంది. పట్టీలు వెయ్యని గదిలో పగులు తనకిష్టమైన దారిన పోతుంది. ఆ గళ్ల మీద అర అంగుళం లోపు పై పొర. సిమెంటు, పాలరాతి పొడి, రంగు పొడి, వాటి నిండా చలువరాతి పలుకులు: తెలుపు, నలుపు, గులాబీ, లేత ఆకుపచ్చ. పలుకులు ఎంత దట్టంగా ఉంటే నేల అంత నాణ్యం. పలుక్కీ పలుక్కీ మధ్య సిమెంటు ఎక్కువ కనబడుతోందంటే పలుకుల దగ్గర ఎవరో చెయ్యి బిగపట్టారని అర్థం. ఓనరో, కంట్రాక్టరో అన్నది వాళ్లలో వాళ్లు తేల్చుకోవాలి. తాపీతో అదిమి, బరువైన రోలరు దొర్లించి, పలుకులన్నీ వెల్లకిలా పడుకునేలా చేస్తారు.

తర్వాత వారం రోజులు నీళ్లు పడతారు. అప్పుడు చూస్తే గదంతా బూడిదరంగు ముద్ద. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు ఆ దశలో బెంబేలెత్తిపోతారు. అరగదీత మొదలైతే గానీ లోపలేముందో తెలియదు. మొదట 60 నంబరు గరుకు రాయి, నీళ్లు పోస్తూ. పలుకుల తలలు తెగి రంగులు బయటపడతాయి. కడిగి చూస్తే సూదిమొన బెజ్జాలు కనిపిస్తాయి. వాటిలోకి అదే రంగు సిమెంటు పాలు పూసి, మళ్లీ నీళ్లు పట్టి ఆరనిచ్చి, 120 నంబరు రాయితో రెండో అరగదీత. చివరికి 320. ఆపైన ఆక్సాలిక్ ఆసిడ్ పొడి చల్లి మెరుగు, ఆ తర్వాత మైనం. గది నడిమధ్యన యంత్రం తిరుగుతుంది గానీ మూలల్లో, గడపల దగ్గర, మెట్ల మీద అది పనికిరాదు. బయటి మెట్ల గుండ్రటి అంచంతా ఎవరో గొంతుకూర్చుని చేత్తో అరగదీసిందే. నేను మెట్ల దగ్గర ఆగి చూడమనేది అందుకు కూడా.

మంచి మొజాయిక్ మేస్త్రిని పట్టుకోవాలంటే గది మధ్యలో పువ్వు చూడకూడదు, గోడ మొదలు చూడాలి. అక్కడ నేల, గోడ లంబకోణంలో కలవవు. నేలే చిన్న వంపు తిరిగి అర అడుగు గోడ మీదికి ఎక్కుతుంది. చీపురు ఆ వంపులో పడి దానంతటదే దుమ్ము లాక్కొస్తుంది, తడిగుడ్డ పెట్టినప్పుడు మూలల్లో మురికినీళ్లు నిలవవు. గోడకి జానెడు ఇవతల నల్లటి అంచు గది చుట్టూ తిరుగుతుంది. గడప దగ్గర రంగు మారుతుంది, రెండు గదుల గళ్లు ఒకదానికొకటి కలవలేదన్న లోపం ఆ మార్పులో కలిసిపోతుంది. పూజగదిలో తామర. వీధి మెట్టు మీద ఇంగ్లీషులో వెల్‌కమ్ అని, కొన్నిచోట్ల ఒక అక్షరం తిరగబడి.

వంటింట్లోనూ వరండాలోనూ ఎర్ర గచ్చు ఉంటుంది. సిమెంటులో ఎర్రరంగు పొడి కలిపి, తాపీతో రుద్ది రుద్ది నునుపు తేల్చిన నేల. ఒక గది ఒకే పూటలో పూర్తికావాలి, మధ్యలో భోజనానికి లేస్తే ఆ అతుకు జీవితాంతం కనిపిస్తుంది. ఇంటి ఆడవాళ్లు పండగ ముందు కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవారు. మే నెలలో మధ్యాహ్నం దాని మీద చాప కూడా వేసుకోకుండా పడుకున్నవాళ్లకి ఏ విట్రిఫైడ్ టైలు గురించి చెప్పినా నమ్మరు.

పెరటికి మాత్రం రాయే. షాబాద్ బండ, తాండూరు బండ రెండూ పొరలు పొరలుగా విడిపోయే సున్నపురాయి. ఉలితో పొర సందున కొడితే పలకగా లేస్తుంది. వాడి జంక్షన్ నుంచి హైదరాబాద్‌కి 1874లో రైలు వచ్చింది, తాండూరు ఆ దారిలోనే ఉంది. హైదరాబాద్ ఇళ్లకి ఆ బండలు అందుబాటులోకి వచ్చింది అలాగే. వాటికి పాలిష్ పట్టరు. నడకే పాలిష్.

ఇంటి అరుగు ఎత్తు గురించి ఒక మాట. అశోక్‌నగర్‌లో కొన్ని ఇళ్లకి వరండా చేరాలంటే నాలుగైదు మెట్లు ఎక్కాలి. దర్జా కోసం అనుకుంటాం. కానీ హుసేన్‌సాగర్ నుంచి మూసీకి పోయే నాలా అశోక్‌నగర్, దోమలగూడ, బాగ్‌లింగంపల్లి అంచుల మీదుగానే వెళ్తుంది. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడినప్పుడు నాలా పొంగి ఈ పల్లపు వీధుల్ని ముంచింది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోవడంతో ఆ నాలుగు మెట్లలో ఒకటో రెండో ఇప్పటికే భూమిలోకి దిగిపోయాయి. పాతవాళ్లు ఎత్తు పెట్టింది ఊరికే కాదని వానాకాలం వచ్చినప్పుడల్లా రుజువవుతోంది.

గేట్లు, కిటికీ గ్రిల్స్ కమ్మరి పని. ఉదయించే సూర్యుడు, హంస, వీణ, ఇంటి యజమాని పేరులోని మొదటి అక్షరాలు. ఇనుప పట్టీని మేకులు బిగించిన బల్ల మీద చుట్టి వంపు తెస్తారు. ఒక సుడి చుట్టడానికి వాడిన మేకుల వరసే మిగతా సుడులకీ అచ్చు. పట్టీకీ పట్టీకీ అతుకు దగ్గర వెల్డింగ్ బొడిపె ఉందో, రివెట్టు తలో చిన్న ఇనుప ఉంగరమో ఉందో చూడండి. రివెట్టయితే గేటు పాతదన్నమాట.

లోపలి అలంకారం గురించి ఎక్కువ రాయాల్సింది లేదు, ఎందుకంటే ఇల్లే సగం అలంకారం చేసుకుని ఉంది. గోడలోనే గూళ్లు, గోడలోనే అద్దాల తలుపుల అలమర, అందులో కొండపల్లి బొమ్మలు, నిర్మల్ పళ్లెం, బిద్రీ భరిణె, పెళ్లిలో వచ్చిన వెండి సామాను. ముందుగదిలో పడక కుర్చీ, కొన్ని ఇళ్లలో ఉయ్యాల బల్ల. గూడు ఉన్న గోడకి షెల్ఫు కొనక్కర్లేదు. అడుగున్నర మందం గోడ పోయి నాలుగున్నర అంగుళాల గోడ వచ్చాకే ఫర్నిచరు దుకాణాలకి ఇంత గిరాకీ వచ్చిందని నా అనుమానం.

ఈ ఇళ్లలో ఉండటం ఎప్పుడూ సుఖమేనని చెప్పను. మరుగుదొడ్డి పెరటి చివర ఉంటే రాత్రి వానలో ముసలివాళ్ల అవస్థ ఎవరికి కావాలి? గదికి ఒకే ప్లగ్గు పాయింటు. పన్నెండు అడుగుల కప్పుకి ఉన్న ఫ్యాను తుడవాలంటే నిచ్చెన కావాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు వాటాలది. ఇంటి నంబరు చివర గీతలు చూడండి: ఒక గీత, దాని కింద ఎ, దాని పక్కన మళ్లీ 1. స్థలం అన్నదమ్ముల మధ్య ఎన్ని ముక్కలయిందో మునిసిపాలిటీ నంబరే చెబుతుంది. ఒకరు ఇక్కడ, ఒకరు అమెరికాలో, ఒకరు మాట్లాడరు. చివరికి ముగ్గురూ ఒప్పుకునేది ఒక్కటే, డెవలప్‌మెంట్‌కి ఇవ్వడం. సగం ఫ్లాట్లు బిల్డరుకి, సగం వాళ్లకి. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో మొదలై చిక్కడపల్లికీ నారాయణగూడకీ స్టేషన్లు వచ్చాయి. 2023లో ఇందిరాపార్కు దగ్గరినుంచి వీఎస్టీ దాకా ఉక్కు వంతెన తెరుచుకుంది. గజం ధర పెరిగే ప్రతిసారీ ఒక మొజాయిక్ నేల తగ్గుతుంది. వారసత్వ జాబితాలకి ఎక్కేవి ఎక్కువగా దేవిడీలు, ప్యాలెస్‌లు, సర్కారు భవనాలు. బయటి మెట్లున్న గుమాస్తా మేడని కాపాడమని అడిగేవాళ్లు తక్కువ. అమ్మినవాళ్లని తప్పుపట్టే మొహం నాకు లేదు.

మిగిలినవి ఎందుకు మిగిలాయో గమనిస్తే మళ్లీ మెట్ల దగ్గరికే వస్తాం. అశోక్‌నగర్ నిండా ఇప్పుడు గ్రూప్స్, సివిల్స్ కోచింగులు, హాస్టళ్లు. మేడ మీది పోర్షన్‌ని ప్లైవుడ్‌తో నాలుగు గదులు చేసి నలుగురైదుగురు పిల్లలకి ఇస్తున్నారు. మెట్లు బయట ఉన్నందుకే అది కుదిరింది. కింద ఓనరు దంపతులు తమ మానాన తాముంటారు, పైన పోటీపరీక్షల పిల్లలు లైబ్రరీ మూసేదాకా చదివి అర్ధరాత్రి వస్తారు, పోతారు. ప్లైవుడ్ గోడలు చూసి ముక్కు విరిచే సౌందర్యాభిమానులకి నేను చెప్పేది ఒకటే. ఇంటిని కట్టించింది కిరాయి, ఇవాళ నిలబెడుతున్నదీ కిరాయే. రేపు ప్లైవుడ్ తీసేస్తే కింద నేల ఉన్నచోటే ఉంటుంది. హెరిటేజ్ లుక్ పేరుతో ఫైబరు స్తంభాలు నిలబెట్టిన కాఫీ షాపులకంటే బట్టలారేసిన ఈ బాల్కనీలే నయం.

ఇంట్లో పాత మొజాయిక్ ఉండి, దాని మీద టైల్స్ వేయించాలన్న ఆలోచన ఉంటే కాస్త ఆగండి. ముందు ఆసిడ్‌తో కడగడం మానిపించండి. మరుగుదొడ్లకి వాడే ఘాటైన ఆసిడ్ చలువరాతి పలుకుల్ని తినేస్తుంది, మెరుపు పోవడానికి వయసు కంటే అదే ఎక్కువ కారణం. తర్వాత అరగదీసేవాణ్ణి పిలవండి. చదరపు అడుగు లెక్కన మాట్లాడతాడు, ‘ఈ డబ్బుకి కొత్త టైల్సే వస్తాయి కదా సార్’ అంటాడు. పట్టించుకోవద్దు. పై పొరకి ఇంకా మందం మిగిలే ఉంటుంది; ఒక పల్చటి అరగదీత, బెజ్జాలకి సిమెంటు పాలు, 320 నంబరు రాయి, మైనం, అంతే. చిక్కల్లా ఊడిపోయినచోట అతుకు వెయ్యడం. ఆ రంగు పలుకులు దుకాణంలో ఇప్పుడు దొరకవు, దొరికినా పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. వాటికి ఒకటే దారి. మీ వీధి ఇళ్లు చాలావరకు ఒకే కాలంలో కట్టినవి, పలుకులు కూడా ఇంచుమించు ఒకే చోటునుంచి తెచ్చుకున్నవి. పక్కనో వెనకనో ఏదో ఇల్లు పడగొడుతూనే ఉంటారు. నేల పెకలించే రోజున గోనెసంచి పట్టుకెళ్లి నాలుగు పెళ్లలు అడిగి తెచ్చుకోండి, సమ్మెటతో కొట్టి పలుకులు విడదీసుకోవచ్చు. ఎలాగూ లారీకెత్తి పారబోసేదే కాబట్టి వాచ్‌మన్ అడ్డు చెప్పడు.